అధ్యక్షులవారి వీపు మీద వెండి

ఒక పెద్ద అడవిలో, అంత పెద్ద అడవిలోనూ ఎవరూ పట్టించుకోని ఒక మూల, ఒక మడుగు ఉండేది. ఏనుగులకి అందులో నీళ్ళు చాలవు. పులికి అక్కడ తినడానికి మెత్తనిదేదీ దొరకదు. అందువల్ల ఆ మడుగుని తాబేళ్ళే పరిపాలించుకునేవి. పరిపాలన అంటే మీకు తెలియనిదేముంది? పొద్దున్నే ఒకచోట చేరడం, మెడలు చాచి సాయంత్రం దాకా వాదించుకోవడం, ఏమీ తేలకపోయేసరికి మెడలు లోపలికి లాక్కుని ఇళ్ళకి పోవడం.

ఆ మడుగుకి అధ్యక్షుడు డిప్పల జగ్గారావు గారు. ఆయన మీద ఎవరూ పోటీ చెయ్యలేదనుకునేరు. పాపం, ఒకాయన చేశాడు. నామినేషన్ వెయ్యడానికి అవతలి గట్టు నుంచి బయల్దేరాడు కూడా. ఆయన వచ్చి చేరేసరికి ఎన్నిక అయిపోయి, విజయోత్సవం అయిపోయి, పదవిలో రెండో ఏడు నడుస్తోంది.

ఇక తాబేలు జాతికి పుట్టుకతో వచ్చిన బాధ ఒకటుంది. దేవుడు అంత గట్టి డిప్ప ఇచ్చాడు గానీ, మెడ ఎటు తిప్పినా దాని మీద ఏముందో కనపడకుండా చేశాడు. ఏ తాబేలూ తన వీపు తాను చూసుకోలేదు. పక్కవాళ్ళని అడగొచ్చు కదా అంటారా? అడగకూడదు. ఆ మడుగులో అది మర్యాద కాదు. మొగుడి వీపు గురించి పెళ్ళాం, పెళ్ళాం వీపు గురించి మొగుడు కూడా మాట ఎత్తకూడదు. వీపుల సంగతి చూసి చెప్పడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగం పెట్టుకున్నారు. దాన్ని వీపు గుమాస్తా ఉద్యోగం అంటారు.

మన కథ జరిగే నాటికి ఆ ఉద్యోగంలో ఉన్నది చిప్పల గవరయ్య. మంచివాడే. పనిమంతుడు. తామరాకు మీద గోరుతో తీర్మానాలు రాయడంలో ఆయనంత వాడు లేడు. ఉన్న లోపమల్లా భయం. ఆ భయానికి కారణం కూడా ఉంది. ఆయనకి ముందు గుమాస్తాగా చేసిన సన్యాసయ్య, ఒక ఏడు అధ్యక్షులవారి వీపు చూసి, "నాచు పట్టిందండీ, కాస్త రాయికేసి రుద్దుకుంటే మంచిది" అన్నాడు. అంతే. మర్నాడే ఆయన్ని అవతల ఎర్రటి ఎండలో మాడే రాళ్ళదిబ్బకి బదిలీ చేశారు. అక్కడ చూడ్డానికి ఒక్క వీపు కూడా లేదు. గవరయ్య ఉద్యోగంలో చేరగానే ముందుగా నేర్చుకున్న పాఠం అదే.

తొలకరి పడగానే ఏటా పెద్ద సభ జరుగుతుంది. గుమాస్తా అధ్యక్షులవారి వెనక నిలబడి, ముందుకాళ్ళు ఆయన డిప్ప మీద మోపి, కనిపించింది నలుగురికీ గట్టిగా చెప్పాలి. "నల్లగా నిగనిగలాడుతోందండీ!" అంటే సరిపోతుంది. అందరూ సంబరంగా తలలూపి నత్తలు తినడానికి పోతారు.

ఆ ఏడు గవరయ్య చూస్తే, డిప్ప నడిమధ్యన తెల్లటి మచ్చ. తామరగింజంత ఉంది. దాని అంచులు పెచ్చులు లేచి ఉన్నాయి. వంగి వాసన చూస్తే ముక్కిపోయిన చెక్క కంపు. గోరుతో మెల్లిగా నొక్కితే మెత్తగా తగిలింది. ఇంకేముంది, బూజు. డిప్పని తినేసే బూజు.

"ఏం గుమాస్తా, ఏం కనిపిస్తోంది?" అన్నారు జగ్గారావు గారు.

సభ అంతా మెడలు చాచి గవరయ్య వైపే చూస్తోంది. రాళ్ళదిబ్బ కళ్ళ ముందు కదిలింది.

"వె... వెండి అండీ," అన్నాడు.

"ఏమిటీ?"

"వెండేనండీ! తమరి వీపు మీద వెండి పూసింది! ఇలాంటిది నా సర్వీసులో చూడలేదండీ!"

ఆ చివరి ముక్క ఒక్కటే నిజం. వెంటనే ఆ మడుగు దండోరా కప్ప బెకబెకయ్య తామరాకు మీదికి ఒక్క గెంతు గెంతి, "మహానుభావుల వీపుల మీద తప్ప పూయని వెండి! మన అధ్యక్షులవారి వీపు మీద పూసింది!" అని అడవి అదిరిపోయేలా అరిచాడు. బెకబెకయ్యకి వీపు మీద ఏముందో తెలియదు. తెలుసుకోవడం వాడి పని కూడా కాదు.

జగ్గారావు గారు కళ్ళు మూసుకుని ఆ మాట చాలాసేపు విన్నారు. వీపు దురద పెడుతున్న మాట నెలరోజులుగా ఆయనకి తెలుసు. వెండి కాబట్టే దురద అని ఇప్పుడు అర్థమైంది, పాపం.

మర్నాడే మొదటి తీర్మానం. గవరయ్యే రాశాడు. వీపున వెండి ఉన్నవారు ఉత్తములు, అధ్యక్ష పదవి వారికే. ఉత్తములు మామూలు తాబేళ్ళతో కలిసి ఎండబండ మీద పడి ఉండటం బాగుండదు. వారికి నీడగద్దె. నీడగద్దె అంటే కానుగ చెట్ల కింద, పొద్దస్తమానం ఎండ పొడ తగలని, చల్లటి బురద గుంట. బూజుకి అంతకన్నా స్వర్గం లేదని గవరయ్యకి తెలుసు. తెలిసే రాశాడు.

ఇక చూడండి సందడి. జగ్గారావు గారి వెనకే ఆయన బావమరిదికి వెండి. బావమరిది వియ్యంకుడికి వెండి. ఒకే బురదలో దొర్లుతుంటే పూయక ఏం చేస్తుంది? రానివాళ్ళ కోసం 'ఒరిపిడి' అని కొత్త ఉత్సవం పెట్టారు. తమ వీపుని అధ్యక్షులవారి వీపుకి మూడుసార్లు ఒరుసుకుని వెళ్ళడం. ఒరుసుకున్నవాళ్ళు పదిరోజుల తర్వాత గవరయ్య దగ్గర వరసలో నిలబడేవాళ్ళు. గవరయ్య ఒక్కొక్కరి వీపూ చూసి, "వెండి... వెండి... వెండి" అని ఆకు మీద గీత గీసేవాడు. మొదట్లో ఆ మాట గొంతులో అడ్డంపడేది. నెల తిరిగేసరికి అలవాటైపోయింది.

మధ్యలో కామేశం గొడవ ఒకటి జరిగింది. కామేశం అనే పెద్దమనిషికి వెండి పూసింది గానీ, ఎండ కాచుకునే పాత అలవాటు పోలేదు. నీడగద్దె మీద తలనొప్పి వస్తోందని రోజూ ఎండబండ ఎక్కేవాడు. ఇరవై రోజులకి మచ్చ ఎండి పెచ్చులుగా రాలిపోయింది. కామేశం లబోదిబోమంటూ సభకి వచ్చి పడ్డాడు.

"నా వెండి పోయిందండీ! ఎవరో ఎత్తుకుపోయారండీ!"

విచారణ జరిగింది. దొంగ దొరికాడు. దొంగ ఎవరయ్యా అంటే సూర్యుడు. ఆయన్ని పట్టుకొచ్చే ఓపిక ఎవరికీ లేదు కాబట్టి రెండో తీర్మానం చేశారు. వెండి ఉన్నవారు ఎండబండ ఎక్కరాదు. ఎక్కబోతే ఈడ్చి పడెయ్యడానికి బండ కింద పీత పైడయ్యనీ, వాడి తమ్ముళ్ళు ఆరుగురినీ కాపలా పెట్టారు. కామేశాన్ని మళ్ళీ ఒరిపిడికి పంపించి, మళ్ళీ వెండి పూయించి, మళ్ళీ నీడలో కూర్చోబెట్టారు.

ఇదంతా బండ మీద నుంచి చూసేది నీటికాకి నూకాలు. దాని పద్ధతే అది. నీళ్ళలో మునిగి చేపని పట్టడం, పైకొచ్చి రెక్కలు రెండూ బార్లా చాపి ఎండలో ఆరబెట్టుకోవడం. నోరు కాస్త దురుసు.

"ఏమయ్యా గవరయ్యా, కళ్ళున్నాయా కాకులెత్తుకుపోయాయా? బూజుని పట్టుకుని వెండంటావేం?" అంది ఒకరోజు.

"మెల్లిగా మాట్లాడు తల్లీ."

"ఎందుకు మెల్లిగా? తడిస్తే ఆరబెట్టుకోవాలని నా రెక్కకి తెలుసు. ఇంతమంది చదువుకున్నారు, మీ డిప్పలకి తెలియదా?"

గవరయ్య తల లోపలికి లాక్కున్నాడు. తాబేలుకి ఆ సౌకర్యం ఒకటుంది. సమాధానం లేనప్పుడు తల లేకుండా బతికెయ్యొచ్చు.

గవరయ్య భార్య పేరు పోలమ్మ. గవరయ్యకి వెండి లేదు, ఆమెకీ లేదు. ఉత్తములు కాకపోవడం వల్ల ఇద్దరూ రోజూ పొద్దున్నే ఎండబండ ఎక్కి పక్కపక్కన పడుకునేవారు. మాట్లాడుకోవడం కూడా పెద్దగా ఏమీ ఉండదు. "ఇవాళ ఎండ బాగుంది" అని ఆమె అంటుంది. "ఆఁ" అని ఆయన అంటాడు. గవరయ్యకి రోజు మొత్తంలో నిజం మాట్లాడే సమయం అదే.

కానీ ఇరుగమ్మా పొరుగమ్మా ఊరుకోరు కదా. "గుమాస్తా పెళ్ళానివి, అందరికీ వెండి రాసిచ్చేవాడి పెళ్ళానివి, నీ వీపు బోసిగా ఉంటే మీ ఆయనకే నామోషీ" అని పోలమ్మని సాధించి సాధించి ఒరిపిడికి లాక్కుపోయారు. పదిరోజుల తర్వాత ఆమె కూడా గవరయ్య ముందు వరసలో నిలబడింది. ఆమె వెనక అధ్యక్షులవారి భార్య ఉంది. ఆవిడ వెనక మరో నలభై మంది ఉన్నారు.

గవరయ్య తన భార్య వీపు చూశాడు. మూల మీద ఆవగింజంత తెల్లచుక్క.

బూజని చెప్పాలి. అది బూజని చెబితే, ఇప్పటిదాకా రాసినవన్నీ బూజే. అధ్యక్షులవారిది మొట్టమొదటి బూజు. గవరయ్య నోరు తెరిచాడు. అలవాటైన నోరు కదా, అలవాటైన మాటే వచ్చింది.

"వెండి."

పోలమ్మ వెనక్కి తిరిగి ఆయన మొహంలోకి చూసింది. "నిజమేనాండీ?" అంది సంతోషంగా.

"నిజమే," అన్నాడు గవరయ్య. వెధవ బతుకు అని అదే క్షణాన తనని తాను తిట్టుకున్నాడు. తిట్టుకుని ఆకు మీద గీత గీశాడు.

ఆ మర్నాటి నుంచి ఎండబండ మీద ఆయన పక్కన చోటు ఖాళీ. పోలమ్మ నీడగద్దెకి పోయింది. పెద్ద పెద్దవాళ్ళ పక్కన కూర్చుంది. గవరయ్య ఒక్కడే ఎండలో పడుకుని అటే చూస్తూ ఉండేవాడు. నెల గడిచింది. వాన ముసురు వదలడం లేదు. నీడగద్దె మీద ఉత్తములంతా గుంపుగా కూర్చుని, ఒకరి కంపు ఒకరు పీలుస్తూ, వెండి ఎంత చల్లగా ఉందో చెప్పుకునేవారు. ఎవరికి వాళ్ళకి లోపల సలుపుతోంది. కానీ పైకి అంటే నీది నకిలీ వెండి అంటారేమోనని భయం. మింగలేక కక్కలేక కూర్చున్నారు.

పోలమ్మ నత్తలు తినడం తగ్గించింది. తర్వాత మానేసింది.

ఒకరోజు మధ్యాహ్నం గవరయ్య మంచి నత్తని ఏరి, నీడగద్దె అంచుకి తీసుకెళ్ళాడు. "ఒక్కటి తినవే పోలీ" అని బతిమాలుతూ, ఎన్నడూ లేనిది ఆమె వీపు మీద చెయ్యి వేశాడు.

గోరు లోపలికి దిగింది.

డిప్ప గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా, తడిగా, గుంట పడి ఉంది. పోలమ్మ నొప్పికి కళ్ళు మూసుకుంది గానీ చప్పుడు చెయ్యలేదు. పక్కన అధ్యక్షులవారి బావమరిది ఉన్నాడు మరి.

గవరయ్య ఆమెని మెల్లిగా తుంగ చాటుకి నడిపించాడు. నాలుగడుగులు వెయ్యడానికి ఆమె నలభైసార్లు ఆగింది.

"పోలీ, అది వెండి కాదే," అన్నాడు.

"తెలుసండీ."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచీ. కంపు కొడుతోంది కదా."

"మరి నాతో ఎందుకు చెప్పలేదే?"

"నలుగురి ముందూ మీరు వెండన్నారు. నేను కాదంటే మీ ఉద్యోగం పోదూ?"

గవరయ్య ఏడ్చాడు. గుమాస్తాగా చేరిన తర్వాత ఆయన తల బయట పెట్టుకుని ఏడవడం అదే మొదటిసారి. పోలమ్మే ఓదార్చాల్సి వచ్చింది.

ఏడుపు అయ్యాక ఆలోచన మొదలైంది. ఆమెకి ఎండ కావాలి. బండ ఎక్కించబోతే పీతలు ఈడ్చేస్తాయి. రాళ్ళదిబ్బకి తీసుకుపోదామా అంటే అంత దూరం నడవలేదు. సభలో నిలబడి నిజం చెబితే తనని బదిలీ చేస్తారు, ఆమె మాత్రం ఉత్తమురాలిగా ఆ బురదలోనే పోతుంది. నిజం చెప్పడం మర్చిపోయిన గుమాస్తాకి రాత ఒక్కటే మిగిలింది. చాలాసేపు ఆలోచించి, "పోలీ, నీ మీద ఫిర్యాదు రాస్తాను" అన్నాడు.

"నా మీదా?"

"నీ మీదే. నువ్వు మాత్రం రేపు అధ్యక్షులవారు ప్రసంగిస్తుండగా బాగా నోరు తెరిచి ఆవులించాలి. చెయ్యగలవా?"

పోలమ్మ నెల తర్వాత మొదటిసారి నవ్వింది. "అదెంత పనండీ. ఆ ప్రసంగానికి ఆవులింత ఆపుకోవడమే కష్టం."

ఆ సాయంత్రమే గవరయ్య జగ్గారావు గారి దగ్గరికి పోయి చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, నీడగద్దె మీద కొందరికి తమరంటే భయం తగ్గుతోందండీ. తమరు మాట్లాడుతుంటే శ్రద్ధగా వినడం లేదు. గట్టి శిక్ష ఒకటి ఉండాలి."

"ఏం శిక్ష? ఒక పూట నత్తలు ఆపేద్దామా?"

"అది చాలదండీ. పరువు తియ్యాలి. ఎండబండ మీద నలభై రోజులు నిలబెట్టాలి. అందరూ చూస్తుండగా వెండంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపోవాలి. తిరిగి ఒరిపిడికి రానివ్వకూడదు. ఇక జన్మలో నీడగద్దె మొహం చూడకూడదు."

జగ్గారావు గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "ఏమోననుకున్నాను గానీ, నువ్వు ఇంత కర్కోటకుడివా గవరయ్యా! రాయి, రాయి. ఇప్పుడే రాయి."

మూడో తీర్మానం అలా పుట్టింది.

మర్నాడు సభలో అధ్యక్షులవారు 'వెండి, మన బాధ్యత' అనే విషయం మీద మాట్లాడుతున్నారు. ప్రసంగం మంచి పట్టులో ఉండగా పోలమ్మ మెడ చాచి, నోరు బార్లా తెరిచి, కొండచిలువ కూడా జడుసుకునేంత ఆవులింత తీసింది. గవరయ్య లేచి ఫిర్యాదు చదివాడు. కట్టుకున్న పెళ్ళాన్ని కూడా వదలని అతని నిజాయితీని అందరూ మెచ్చుకున్నారు. బెకబెకయ్య మడుగంతా గెంతుతూ ఆమె పరువు తీశాడు. పీత పైడయ్య తమ్ముళ్ళు ఆరుగురూ ఆమెని బండ మీదికి నెట్టారు. అంత బరువు నెట్టడం గవరయ్య ఒక్కడివల్ల అయ్యేది కాదు. ప్రభుత్వం వాళ్ళే ఆ పని చేసిపెట్టారు.

"ఏమమ్మా, నేరం చేశావట?" అంది నీటికాకి నూకాలు, రెక్కలు చాపుకుని పక్కనే నిలబడి. "నేను పుట్టిన దగ్గర్నుంచి రోజూ ఇదే శిక్ష వేసుకుంటున్నాను. రా, ఇటు కాస్త ఎండ ఎక్కువ."

ముసురు విడిచింది. మొదటి వారం ఉత్తములంతా నీడలోంచి ఆమెని చూసి ఇకిలించారు. పదో రోజు పోలమ్మ నత్త అడిగింది. గవరయ్య పరుగున, అంటే తాబేలు పరుగున, తెచ్చిపెట్టాడు. ఇరవయ్యో రోజుకి తెల్లటి పెచ్చులు రాలడం మొదలైంది. నలభయ్యో రోజున ఆమె వీపు మీద ఒక గుంట మాత్రం మిగిలింది. నూకాలు ముక్కుతో టకటకమని కొట్టి చూసింది. గట్టిగా మోగింది. పోలమ్మ బండ మీద నుంచి దభీమని నీళ్ళలోకి దూకి, మడుగు ఈ చివర నుంచి ఆ చివరకి ఈదింది.

నీడగద్దె మీద ఇకిలింపులు ఆగిపోయాయి. అందరూ చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు.

తరువాతి సభలో అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారో లేదో, కామేశం ఆవులించాడు. ఇంకా ప్రసంగం మొదలవలేదని ఎవరో గుర్తుచేస్తే, "ముందుజాగ్రత్తండీ" అన్నాడు. ప్రసంగం మొదలైంది. బావమరిది ఆవులించాడు. వియ్యంకుడు ఆవులించాడు. అధ్యక్షులవారి సొంత భార్య కొంగు అడ్డం పెట్టుకోకుండా ఆవులించింది. ఆవులింత రానివాళ్ళకి కంగారు పుట్టింది. "అధ్యక్షా! నేను తమరిని మనసులో తిట్టుకున్నాను, రాసుకోండి!" అని ఒకాయన అరిచాడు. "నేను పైకే తిడతాను, నన్ను ముందు రాయండి!" అని ఇంకొకాయన ఆయన్ని తోసుకుంటూ వచ్చాడు. జగ్గారావు గారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అందరికీ బండే! ఒక్కణ్ణి కూడా వదలకు!" అని గర్జించారు.

తీర్పు విని అందరూ భోరున ఏడ్చారు. ఏడుస్తూనే ఒకరినొకరు తొక్కుకుంటూ బండెక్కారు. చోటు చాలక పక్క బండలు కూడా శిక్షకి తీసుకోవాల్సి వచ్చింది.

పది రోజులు గడిచేసరికి నీడగద్దె మీద జగ్గారావు గారు ఒక్కరే మిగిలారు.

అప్పుడు గవరయ్యకి కబురొచ్చింది. వెళితే పెద్దాయన బురదలో ఒక పక్కకి ఒరిగి ఉన్నారు. అక్కడ ముక్కు మూసుకోకుండా నిలబడటం కష్టంగా ఉంది. ఆ గొంతులో మునుపటి గర్జన లేదు.

"గవరయ్యా, ఒక్కసారి చూసి నిజం చెప్పు. నా వీపు మీద ఏముంది?"

గవరయ్యకి రాళ్ళదిబ్బ గుర్తొచ్చింది. భయం కూడా వచ్చింది. అయితే ఆ భయం కన్నా ముందే ఆయన గోటికి పోలమ్మ వీపు గుర్తొచ్చింది.

"బూజు అండీ."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచీ బూజేనండీ. నేనే భయపడి వెండన్నాను. తప్పంతా నాది. తమరు నన్నేం చేసినా సరే, ముందు ఎండకి రండి."

జగ్గారావు గారు బండ వైపు మెడ తిప్పారు. "ఎండకి ఎలా రాను? శిక్ష పడితేనే కదా బండ ఎక్కాలి?"

"తమరే తమరికి శిక్ష వేసుకోవచ్చండీ. లేదా వెండి లేదని ఒప్పుకుంటే కాపలావాళ్ళు ఆపరు."

"ఒప్పుకుంటే?"

"వెండి లేనివారు అధ్యక్షులుగా ఉండకూడదని..."

"ఎవడు రాశాడా ముక్క?"

"నేనేనండీ. తమరు చెబితే."

పెద్దాయన ఆ పొద్దంతా బండ వైపు చూస్తూ ఉన్నారు. అక్కడ ఎండ దండిగా కాస్తోంది. నేరస్తులంతా కాళ్ళు బార్లా చాపుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుకుని ఉన్నారు. ఆయన ఒక కాలు ముందుకి వేశారు కూడా. ఆ తర్వాత ఏం తోచిందో, ఆ కాలు వెనక్కి తీసుకుని పీత పైడయ్యని పిలిచారు.

"పైడయ్యా, నా వీపు మీద ఏముందో చూసి చెప్పు."

పైడయ్య అడ్డంగా నడుచుకుంటూ వచ్చి, చూసీ చూడకుండానే, "అబ్బ! వెండి అండీ! మునుపటికన్నా నాలుగింతలు పెరిగిందండీ!" అన్నాడు.

జగ్గారావు గారి మొహం విప్పారింది. "విన్నావా గవరయ్యా? అందరిదీ బూజే కావచ్చు. నాది మాత్రం వెండి. ఇకనుంచి పైడయ్యే వీపు గుమాస్తా. నీకు యావజ్జీవం బండ శిక్ష. పో."

"అయ్యా, నా మాట వినండి..." అంటుండగానే పైడయ్య తమ్ముళ్ళు గవరయ్యని ఈడ్చుకుపోయి ఎండబండ మీద పడేశారు, సరిగ్గా పోలమ్మ పక్కన.

చలికాలం మొదలవకముందే జగ్గారావు గారు నీడగద్దె మీద, పదవిలో ఉండగానే పోయారు. ఆఖరి క్షణం దాకా పైడయ్య ఆయన వీపు చూస్తూ శుభవార్తలు చెబుతూనే ఉన్నాడట. గవరయ్య ఆ కబురు విని రెండు రోజులు ముద్ద ముట్టలేదు. ఒక్క మాటతో చంపేశానని కుమిలిపోయాడు. పోలమ్మ కాదనలేదు. పక్కనే కూర్చుంది.

మహానుభావుడి డిప్పని బురదలో వదిలేస్తే ఏం బాగుంటుంది? అందరికీ కనపడేలా ఎండబండ మీద, అన్నిటికన్నా ఎత్తైన చోట స్మారకంగా నిలబెట్టారు. నెలరోజులు చక్కటి ఎండ కాసింది. బూజంతా ఎండి, రాలి, గాలికి కొట్టుకుపోయింది. డిప్ప నల్లగా, శుభ్రంగా, చిల్లులతో మిగిలింది.

నెలమాసికం నాడు సభ పెట్టారు. పైడయ్య స్మారకం ఎక్కి, "ధగధగా మెరుస్తున్న ఈ వెండి మనకందరికీ వెలుగు చూపించాలి" అని చదివాడు. బెకబెకయ్య అడవి అదిరిపోయేలా అరిచాడు. బండ మీద ఆ డిప్పకి బెత్తెడు దూరంలో కూర్చుని, కళ్ళారా చూస్తున్న కామేశం తలూపాడు. బావమరిది తలూపాడు. సభ అంతా తలూపింది. కొత్త అధ్యక్షుడికి వీపు మీద ఏదో తెల్లగా కనిపిస్తోందని అప్పుడే వెనక వరసలో గుసగుసలు బయల్దేరాయి.

పోలమ్మ బార్లా నోరు తెరిచి ఆవులించింది. గవరయ్య ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు.

"కావాలని కాదండీ, నిజంగానే వచ్చింది," అంది పోలమ్మ.

నీతి అడక్కుండా మీరు లేవరు కాబట్టి చెబుతున్నాను: అబద్ధం చెప్పినవాడికి నీడ, నిజం చెప్పినవాడికి ఎండ దొరుకుతాయి, వాటిలో ఏది శిక్షో మీ వీపునడిగి తేల్చుకోండి.